పట్టేసిన స్టార్టర్ తాడు, ఎగిరిపోయిన స్ప్రింగు

మా బ్రష్ కట్టర్, అదే గడ్డి కోసే మిషను, నిన్న సాయంత్రం మళ్లీ స్టార్టయింది. వేళ్లకి వేసుకున్న ప్లాస్టర్లు ఇంకా ఊడలేదు, కోపం కూడా చల్లారలేదు. ఈలోగానే రాసేస్తే మంచిది.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ వైపు. కొద్దిగా జీడితోట ఉంది. వానలు పడితే చెట్ల కింద గడ్డి మోకాలెత్తు లేస్తుంది. నాట్ల రోజుల్లో కూలికి మనిషి దొరకడు కాబట్టి టూ స్ట్రోక్ పెట్రోల్ మిషను కొనుక్కున్నాం. మొన్నామధ్య తాడు లాగితే సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. పిడి అలా వేలాడుతూ ఉండిపోయింది.

లోపం ఇంజిన్‌దా, స్టార్టర్‌దా అన్నది తేల్చుకోవడం తేలికే. స్పార్క్ ప్లగ్గు విప్పేశాక తాడు హాయిగా వచ్చిందంటే లోపల పెట్రోల్ నిండిపోయిందని అర్థం. ఆరబెట్టి మళ్లీ బిగిస్తే సరి. రాకపోతే స్టార్టర్ మూత స్క్రూలు విప్పి పక్కన పెట్టి, ఇంజిన్ చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. అదీ కదలకపోతే పిస్టన్ పట్టేసి ఉంటుంది. పెట్రోల్‌లో ఆయిల్ తక్కువ కలిపేవాళ్లకి వచ్చే జబ్బు ఇది. ఆయిల్, పెట్రోల్ పాళ్లు 1:50 అని రాసి ఉంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 1:25 అయితే 40. చేతి అంచనాతో పోసేవాళ్లకి నేనేం చెప్పను. మా ఇంజిన్ మాత్రం చక్కగా తిరిగింది. అంటే గొడవంతా విప్పిన ఆ మూతలోనే ఉంది.

మూత పట్టుకుని పర్లాకిమిడి వెళ్లాను. మిషను అమ్మిన షాపాయన దాన్ని తిప్పి కూడా చూడలేదు. "స్టార్టర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి, స్టాకు లేదు, ఆర్డరు పెట్టాలి" అన్నాడు. తాడు ఇరుక్కుందేమో ఒకసారి విప్పి చూడమంటే, "అంత తెలిసినోళ్లు మా దగ్గరికెందుకండీ రావడం?" అన్నాడు, ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా బజారులో సగం మాటలు తెలుగే కదా, అక్కడున్న వాళ్లందరికీ రెండు భాషల్లోనూ నవ్వుకునే అవకాశం దొరికింది. అమ్మేటప్పుడు కుర్చీ వేసి టీ తెప్పించిన మనిషే ఈయన. మిషన్లు అమ్మేవాడు నాలుగు గజాల స్టార్టర్ తాడు కూడా ఉంచుకోకపోతే దాన్ని వ్యాపారం అనరు. మా నాన్న హయాం నుంచి పొలంలో డీజిల్ ఇంజిన్ విప్పి బిగించింది నేనే. ఆయన నవ్వాడని ఊరుకుంటానా?

ఇంటికొచ్చి వాకిట్లో గోనె పరిచి కూర్చున్నాను. లోపల కప్పీ ఉంటుంది. దానికి తాడు చుట్టి ఉంటుంది, దాని వెనక చుట్టలు చుట్టుకున్న రేకు స్ప్రింగు. మా తాడు కప్పీ గాడి తప్పి, కప్పీకీ మూతకీ మధ్య సందులో దిగబడిపోయింది. అక్కడ నలిగి, రిబ్బను మాదిరి చదునుగా అయిపోయింది. చుట్టూ ఆయిల్‌లో నానిన గడ్డిపొట్టు. తాడు తీసేయడం ఎంతసేపు! అసలు కథ స్ప్రింగుది.

మధ్య స్క్రూ తీసి కప్పీ పైకెత్తానో లేదో, స్ప్రింగు మొత్తం బయటికి ఎగిరింది. "బావా, మొహం!" అని మా బావమరిది అరిచాడు. ఇద్దరం చెరో పక్కకి దూకాం. అది పశువుల పాక దాకా పోయి పడింది. మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో విప్పే బొమ్మ ఉంది కానీ ఎక్కించే బొమ్మ లేదు. రాసిన మహానుభావుడికి దండం. కప్పీ ఎత్తే ముందు కళ్లజోడు, చేతికి గ్లౌజులు ఉండాలి. కప్పీ కింద స్క్రూడ్రైవర్ పెట్టి స్ప్రింగుని మూతలోకి అదిమి ఉంచుతూ మెల్లగా ఎత్తాలి. ఎటు చుట్టుకుని ఉందో ఫోన్లో ఫోటో తీసుకోవాలి.

బయటి కొస కొక్కేన్ని మూత గాడిలో తగిలించి, బొటనవేలితో నొక్కుతూ లోపలికి చుట్టుకుంటూ రావాలి. చెప్పడానికి ఇంతే. చివరి చుట్టకి వచ్చేసరికి వేలు జారుతుంది, మొత్తం మళ్లీ ఊడొస్తుంది. రేకు అంచు బ్లేడంత పదును. మధ్యాహ్నం దాటింది. మా అత్తగారు అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ, "కొత్తది కొనేద్దురూ, అల్లుడుగారూ" అన్నారు. షాపాయన నవ్వు కంటే ఆ జాలి ఎక్కువ మండింది.

చివరికి పాతపట్నంలో సైకిళ్లు బాగుచేసే తాత గట్టెక్కించాడు. స్ప్రింగుని మూత బయటే, మూత కంటే చిన్న చుట్టగా చుట్టి బైండింగ్ వైరుతో కట్టేశాడు. కట్టిన చుట్టని మూతలో కూర్చోబెట్టి, కొక్కెం తగిలించి, పైన అరచెయ్యి అదిమి పెట్టి వైరు తెంపాడు. టక్కుమని సర్దుకుంది! డబ్బులివ్వబోతే బీడీ కట్ట చాలన్నాడు. తాడు కూడా అక్కడే దొరికింది. పాత ముక్క చూపించి అంతే లావుది అడగండి. బట్టలారేసే తాడు పనికిరాదు, మళ్లీ గాడి తప్పుతుంది. కొసల్ని అగ్గిపుల్లతో కాల్చి నొక్కితే పోగులు విడవవు.

బిగువు ఎక్కించడం దీనితో పోలిస్తే నయం. కప్పీ అంచున చిన్న నొక్కు ఉంటుంది. తాడు చుట్టాక కొస దగ్గర కాస్త వదులు తీసి ఆ నొక్కులో పెట్టి, తాడు లాగితే కప్పీ తిరిగే వైపుకే కప్పీనీ తాడునీ కలిపి రెండు మూడు చుట్లు తిప్పాలి. కప్పీని వేలితో ఆపి, నొక్కులోంచి తాడు తీసి, వదులంతా బయటికి లాగి, మెల్లగా వదలాలి. తాడు పూర్తిగా లాగాక కూడా కప్పీ ఇంకో అర చుట్టయినా తిరగాలి. తిరక్కపోతే బిగువు ఎక్కువైనట్టే, స్ప్రింగు విరుగుతుంది. ఒక చుట్టు తగ్గించండి. పిడి వేలాడుతుంటే ఒకటి పెంచండి.

ఇక లాగడం సంగతి. ముందు మెల్లగా లాగి, లోపల పట్టు తగిలాక అప్పుడు గట్టిగా లాగాలి. పిడి చేతిలో ఉంచుకునే వెనక్కి పోనివ్వాలి. మా బావమరిది తాడు చివరంటా గుంజి, పిడి టప్పున వదిలేస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా "ఏం కాదులే బావా" అంటాడు. ప్రస్తుతానికి మిషను నా గదిలో ఉంది, ప్లగ్గు క్యాపు నా జేబులో ఉంది.