బెల్ట్ తెగకముందే

మా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొనేటప్పుడు టైర్లు చూశాను, అడుగున తుప్పు చూశాను, ఏసీ వేసి చూశాను. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడగాలని మాత్రం తట్టలేదు. తట్టదు కూడా. అది ప్లాస్టిక్ కవర్ వెనక ఉంటుంది, అరిగినా చప్పుడు చేయకపోవచ్చు. మా కారు డ్యాష్‌బోర్డులో దానికంటూ ఓ లైటు కూడా లేదు.

ఓ రోజు టైర్లలో గాలి ఎంత ఉండాలో చూద్దామని మాన్యువల్ తిరగేస్తుంటే కనబడింది: లక్ష కిలోమీటర్లు లేదా ఆరేళ్లు, ఏది ముందయితే అప్పుడు బెల్ట్ మార్చాలి. మీటరు మీద 83 వేలే. కానీ కారు వయసు తొమ్మిదేళ్లు. సర్వీస్ బుక్‌లో బెల్ట్ ఊసే లేదు.

ఇంజిన్‌లో పిస్టన్ల ఊపుతో తిరిగే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ పళ్ల రబ్బరు బెల్టే. మాది ఇంటర్‌ఫియరెన్స్ రకం ఇంజిన్. అంటే, పిస్టన్ పైకొచ్చే చోటికే వాల్వు కూడా దిగుతుంది. ఒకటి వచ్చేలోపు ఇంకొకటి తప్పుకోవాలి. బండి నడుస్తుండగా బెల్ట్ తెగితే క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్లు వెళ్లి తెరుచుకుని ఉన్న వాల్వుల్ని గుద్దుతాయి, అవి వంగిపోతాయి. ఇక ఇంజిన్ పైభాగం, అదే హెడ్, విప్పాల్సిందే. ఈ సంగతి తెలిశాక రెండు వారాలు హైవే ఎక్కలేదు.

ముందు షోరూమ్‌కే వెళ్లాను. ఎస్టిమేట్‌లో బెల్ట్, లేబర్, అంతే. వాటర్ పంప్ మాటేమిటంటే, "లీకైతే అప్పుడు చూద్దాం సార్" అన్నారు. మా ఇంజిన్‌లో పంప్‌ని తిప్పేది కూడా ఈ బెల్టే. రేపు పంప్ లీకైతే మళ్లీ ఇదంతా విప్పాలి, లేబర్ మళ్లీ కట్టాలి. పంప్ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా పోతుంది. ఆ మాటతో అక్కడ మనసు విరిగింది.

తెలిసినవాళ్లు చెబితే ఒక మెకానిక్ షెడ్డుకి వెళ్లాను. ఆయన మొదట అడిగింది ఇంజిన్ కోడ్. బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే చిన్న చక్రం ఐడ్లర్, పంప్ అన్నీ కలిపి కిట్ వేద్దామన్నాడు; ఆయిల్ సీళ్ల సంగతి ఇంజిన్ విప్పాక చూసి చెబుతానన్నాడు. క్యామ్, క్రాంక్ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ ఉన్నాయా అని అడిగితే, మాట్లాడకుండా పెట్టె తెరిచి ముందు పెట్టాడు. పాత సామాన్లు నాకు తిరిగివ్వాలన్న ఒక్క షరతు పెట్టి తాళాలిచ్చాను.

పని దగ్గరే కూర్చున్నాను. చక్రం తీసి, ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీ ఆనించి, ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంట్ విప్పారు. అన్నిటికంటే క్రాంక్ పుల్లీ బోల్టే సతాయించింది. హ్యాండిల్‌కి పొడుగు పైపు తొడిగి ఇద్దరు లాగితే గానీ కదల్లేదు. బయటికొచ్చిన పాత బెల్ట్ చూస్తే శుభ్రంగానే ఉంది. అనవసరంగా మార్పిస్తున్నానా అనిపించింది. ఆయన దాన్ని వెనక్కి వంచి నా ముందు పెట్టాడు. పళ్ల మొదళ్లలో వెంట్రుకల్లాంటి చీలికలు, వరసగా. ఐడ్లర్‌ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర. కొత్త బెల్ట్‌ని మాత్రం నన్ను వంచనివ్వలేదు. లోపలి గ్లాస్ ఫైబర్ దారాలు విరుగుతాయట.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయలేదు. లాకులు తీసి, స్పానర్‌తో క్రాంక్‌ని చేత్తోనే నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పి, క్యామ్, క్రాంక్ల గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూశాడు. ఎక్కడైనా తట్టుకుంటే చేతికే తెలుస్తుంది, వాల్వు వంగదు. సెల్ఫ్ కొట్టాక తట్టుకుంటే చేసేదేమీ లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మూడో రోజు ఉదయం స్టార్ట్ చేయగానే సన్నగా ఈలలాంటి మోత. టెన్షనర్ సంగతేమో గానీ టెన్షన్ మాత్రం నాకు పట్టుకుంది. తీసుకెళితే, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చూడాలి, రాత్రికి ఇక్కడే వదిలేయమన్నాడు. తెల్లారి కవర్ విప్పితే టెన్షనర్ ముల్లు గీత దాటి కాస్త ముందుకుంది. "నాదే పొరపాటు, బిగువు ఎక్కువైంది" అని ఒప్పుకుని సరిచేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు. మోత మళ్లీ రాలేదు.

బిల్లులో కిట్ పార్ట్ నంబర్లు రాయించుకున్నాను. సర్వీస్ బుక్‌లో ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న గడిలో నేనే పెన్నుతో రాశాను: 83,640 కి.మీ. బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంప్.