నీళ్లలో నిలబడ్డ ఆవులు

హన్మకొండలో నేనుండే గది గోడకు ఒక ప్రింటు ఉంది. ఆల్బర్ట్ కైప్ 1650 ప్రాంతంలో వేసిన బొమ్మ, నదిలోకి దిగిన ఆవులు. ఆయనది నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్, 1620లో పుట్టి 1691లో అక్కడే పోయాడు. ఊరి చుట్టూ నదులే.

బొమ్మలో సగానికి పైగా ఆకాశమే. నేలంతా చదును కాబట్టి దిగంతం కిందికి జరిగింది, ఆవులు మబ్బుల ముందు గుట్టల్లా కనిపిస్తాయి. నాకు ప్రాణం మాత్రం ఆ వెలుగు. వెన్నెముక అంచున సన్నటి పసుపు గీత, పొట్ట కింద చీకటి, ఆ చీకటే నీళ్లలో తలకిందులుగా.

మొన్న దవాఖాన పని మీద బాపు వచ్చిండు. మాది మంగపేట దగ్గర, గోదావరి ఒడ్డు. నలభై ఏళ్లు పశువులు కాసిన మనిషి. బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"పొద్దుగూకింది బిడ్డా, ఇంకా తోలుకపోలేదేంది?" అన్నాడు.

ఆషాఢంలో మబ్బు పట్టిన సాయంత్రాలు మా ఎర్రావు కూడా అట్లాగే నీళ్లలోంచి కదిలేది కాదు. బాపు ఒడ్డు మీద నిలబడి "హో... హో..." అని పిలిచేవాడు. మూతి నుంచి నీళ్లు కారుతుండగా అది మెల్లగా తల తిప్పేది.