సురవరం వారు ‘ర’లో ఎందుకున్నారు? గ్రంథసూచితో నా అనుభవం

“ఈ రెడ్డి ఎవరమ్మా?” అని మా గైడ్ మేడం పెన్సిల్ కొనతో చూపిస్తే వంగి చూశాను. నా థీసిస్ గ్రంథసూచి (వాడుకున్న పుస్తకాల జాబితా) మూడో పేజీలో, ‘ర’ అక్షరం కింద ఇలా ఉంది: రెడ్డి, సురవరం ప్రతాప. ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

నాకు గుండె జారిపోయింది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. ఆయన పేరునే నేను ముక్కలు చేసి పెట్టాను. “తెలంగాణలో రెడ్లు ఎంతమంది లేరు? చదివేవాళ్లు ఈయన్ని ‘స’లో వెతుకుతారు. అక్కడ దొరకకపోతే నువ్వు ఆ పుస్తకమే చూడలేదనుకుంటారు” అన్నారు మేడం. కోప్పడలేదు గానీ ఆ మాట నాకు బాగా తగిలింది.

మాది నర్సంపేట దగ్గర ఊరు. పాఖాల చెరువు ఆయకట్టు కింద మా నాన్నకు కొంచెం పొలం ఉంది. కాకతీయుల నాటి చెరువుల గురించి శాసనాలు ఏం చెప్తున్నాయి, ఊళ్లలో జనం ఏం చెప్పుకుంటున్నారు అన్నదే నా పీహెచ్‌డీ అంశం. అధ్యాయాలన్నీ అయిపోయి సబ్మిషన్‌కు రెండు నెలలే మిగిలాయి. అప్పటికి నా లిస్టులో నూట నలభైకి పైగా ఎంట్రీలున్నాయి. కొన్ని నోట్ పుస్తకాల్లో, కొన్ని ఫోన్‌లో తీసుకున్న ఫొటోల్లో, కొన్ని జిరాక్స్ కాగితాల వెనకాల.

“సిమిలారిటీ చెక్‌లో (కాపీ కొట్టారేమో సాఫ్ట్‌వేర్‌తో చూసే పరీక్షలో) బిబ్లియోగ్రఫీని లెక్కలోకి తీసుకోరు, దానికెందుకంత టెన్షన్” అని తోటి స్కాలర్లు అన్నారు. నిజమే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం రిఫరెన్సులు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట ఆ లెక్కలోకి రావు. కానీ మెషీన్ చూడకపోయినా వైవాకి (మౌఖిక పరీక్షకి) వచ్చే ఎగ్జామినర్ మొదట తిప్పేది ఆ పేజీలే.

స్టైల్ సంగతి, అంటే ఆధారాల వివరాలు ఏ పద్ధతిలో రాయాలన్నది, తొందరగానే తేలింది. సాహిత్యం వాళ్లు ఎక్కువగా ఎంఎల్ఏ పద్ధతి వాడతారు, సైకాలజీ, ఎడ్యుకేషన్ వాళ్లు ఏపీఏ. నాకు శాసనాలు, పాత రికార్డులు, అడుగడుగునా ఫుట్‌నోట్లు ఉన్నాయి కాబట్టి షికాగో పద్ధతి తీసుకోమన్నారు మేడం. అసలు చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. ఈ పద్ధతులన్నీ ఇంటిపేరు చివర ఉంటుందనుకుని తయారైనవి. గ్రంథసూచిలో దాన్ని ముందుకు తెచ్చి కామా పెట్టమంటాయి. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. ఆధారాల జాబితా తయారుచేసే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేటప్పుడు నేను ఆలోచించకుండా చివరి మాటను ఇంటిపేరు గడిలో వేసుకుంటూ పోయాను. రెడ్లు, రావులు, శాస్త్రులు, శర్మలు అందరూ తోకలతో లిస్టులోకి ఎక్కారు. ‘రావు’ కిందే పదకొండు మంది చేరారు.

దీనికి దారి షికాగోలోనే దొరికింది. చైనా పేర్లలో ఇంటిపేరు మొదట ఉంటుంది కాబట్టి వాటిని తిప్పొద్దు, కామా పెట్టొద్దు అని అందులో ఉంది. మేడంతో మాట్లాడి తెలుగు పుస్తకాలన్నిటికీ అదే న్యాయం పెట్టుకున్నాను. జొటేరోలో పేరుకు రెండు గడుల బదులు ఒకే గడి పెట్టుకునే వీలుంది. సురవరం ప్రతాపరెడ్డి అని ఆ గడిలో పూర్తిగా కొట్టాను. ఆయన ‘స’లోకి వచ్చారు. ఇంగ్లిష్ పుస్తకాల లిస్టు మాత్రం వేరుగా పెట్టి, రచయిత తన పేరును అట్ట మీద ఎలా వేసుకుంటే అలాగే తీసుకున్నాను. శాసన పరిశోధకులు పీవీ పరబ్రహ్మశాస్త్రి గారిని శాస్త్రి కింద విడగొట్టకుండా పరబ్రహ్మశాస్త్రి అనే మాట కిందే ఉంచాను. ఎక్కడెక్కడ ఏ పద్ధతి పాటించానో లిస్టు మొదట్లో నాలుగు లైన్ల సూచన రాశాను. ఇలాంటి పని చేసేవాళ్లెవరైనా ఆ సూచన రాయడం మర్చిపోవద్దు. దాన్ని చూశాక ఎగ్జామినర్ వేసే సగం ప్రశ్నలు తగ్గిపోతాయి.

తర్వాతిది సంవత్సరాల గొడవ. పుస్తకం మీద ఉండే ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు) నంబరు కొడితే సాఫ్ట్‌వేర్ వివరాలు తనే తెచ్చుకుంటుంది గానీ ఆ నంబర్లు ప్రామాణికమైంది 1970లో. నా పుస్తకాల్లో సగం అంతకు ముందువి. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉన్న గ్రంథాలయం. అలాంటి చోట పాత పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం ఉండదు, లేదా చిరిగిపోయి ఉంటుంది. అప్పుడు పీఠిక చివర రచయిత వేసిన తేదీ చూడాలి. అది కూడా ఒక్కోసారి ‘విజయదశమి’ అనో, సంవత్సరం పేరుతోనో ఉంటుంది. అలా ఊహించి రాసిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, ఏమీ తెలియకపోతే ‘ముద్రణ సంవత్సరం లేదు’ అని ఉన్నదున్నట్టు రాయాలి.

నిజాం కాలం నాటి ఒక నీటిపారుదల రికార్డు మీద ‘1342 ఫ’ అని ఉంది. ఆ ‘ఫ’ నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ సంవత్సరానికి గుర్తు. కొట్టేటప్పుడు నేను దాన్ని వదిలేశాను. రికార్డులన్నీ కాలక్రమంలో పేర్చి చూస్తే ఓరుగల్లు కోట 1323లో పడిపోయిన పంతొమ్మిదేళ్లకు నిజాం ఇంజినీరు పాఖాల తూము రిపేరు లెక్క రాసినట్టు వచ్చింది! ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో ఆ సంవత్సరం అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి దాన్ని 1932-33 అని రాయాలి. శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలపాలి. రామప్ప గుడి శాసనం శక 1135, అంటే 1213. అయితే శక సంవత్సరం చివరి నెలలు మనకు జనవరి తర్వాత పడతాయి, అప్పుడు 79. అసలు సంవత్సరాన్నీ, మార్చిన సంవత్సరాన్నీ రెండూ రాసుకోవడమే క్షేమం.

డీటీపీ సెంటర్‌లో ఇంకో నాలుగు రోజులు పోయాయి. పాత ఫాంట్లలో తెరమీద కనిపించేది ‘క’ అయినా లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ గుర్తు. అకారాది క్రమం అడిగితే ఆ గుర్తుల క్రమంలో పేరుస్తుంది. చివరికి లిస్టు మొత్తం యూనికోడ్‌లో నేనే కొట్టుకున్నాను.

ఇదంతా సర్దుకున్నాక మేడం ఇంకో పని చెప్పారు: ముఖ్యమైన నలభై ఆధారాలకు వ్యాఖ్యానం రాయాలి. పుస్తకంలో ఏముందో చెప్పే సారాంశం వద్దన్నారు. ఈ రచయిత ఏం వాదించాడు, దేన్ని ఆధారం చేసుకున్నాడు, నీకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ సరిపోలేదు, ఇవి ఐదారు వాక్యాల్లో ఉండాలి. నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే. ‘దేన్ని ఆధారం చేసుకున్నాడు’ అన్న వాక్యం రాయాలంటే ప్రతి పుస్తకం ఫుట్‌నోట్లూ మళ్లీ తిరగేయాలి. అలా తిరగేస్తుంటే ఒక చెరువు గురించి నేను నాలుగు సాక్ష్యాలు అనుకున్నవి నాలుగూ ఒకే శాసనపాఠం దగ్గరికి పోయి ఆగాయి. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. నా రెండో అధ్యాయంలో ‘పలువురు చరిత్రకారులు నిర్ధారించారు’ అని ఉన్న వాక్యం కొట్టేసి, ‘ఒక శాసనం ఆధారంగా’ అని మార్చాను. ఈ వ్యాఖ్యానాలు మొదటి ఏడాదే రాసుకుని ఉంటే ఆ అధ్యాయం ఇంకా బలంగా వచ్చేది.

మిగిలింది ఇంటర్వ్యూలు. షికాగో ప్రకారం ఇంటర్వ్యూలు మామూలుగా ఫుట్‌నోట్లలోనే ఉంటాయి, గ్రంథసూచిలోకి రానక్కర్లేదు. నాకు మనసొప్పలేదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలువకు ఎన్ని రోజులు నీళ్లు వదలాలో నాకు చెప్పింది మా ఊరి నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి) తాత. ఏ పుస్తకంలోనూ అది లేదు. మేడంను అడిగితే ‘మౌఖిక ఆధారాలు’ అని వేరే విభాగం పెట్టుకోమన్నారు. ఇంటిపేరు, పేరు, వయసు, వృత్తి, ఊరు, మాట్లాడిన తేదీ, ఈ వరుసలో.

పేరు వేయడానికి ఒప్పుకుంటాడో లేదో అడుగుదామని ప్రింటు తీసుకుని ఊరికి పోయాను. చెరువు కట్ట మీద కూర్చుని ఆయన ఎంట్రీ, దాని కింది వ్యాఖ్యానం చదివి వినిపించాను. మొత్తం విని, “నా పేరు ఏసుకో బిడ్డా. గని గా తూము ముచ్చట నాకు జెప్పింది మా నాయిన. ఆయన పేరు లేకపాయె” అన్నాడు.

కాగితం మోకాలి మీద పెట్టుకుని, ‘తండ్రి చెప్పగా విన్నది’ అని రాసి, ఆ పక్కన వాళ్ల నాయిన పేరు ఇంటిపేరుతో సహా రాసుకున్నాను.