మాట తోక పట్టుకుంటే

కిందటి వేసవిలో నాన్నగారికి పిత్తాశయం తీసివేసే ఆపరేషన్ జరిగింది. ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం మూడు పేజీల డిశ్చార్జి సమ్మరీని ముందు పెట్టుకుని కూర్చున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినా, ఆ తరువాత పాతికేళ్లుగా ఇంగ్లిషులోనే ఉద్యోగం చేస్తున్నవాడిని. అయినా అందులోని సగం మాటలకు నాకు నోరు తిరగలేదు. అంతలో మేనత్త ఫోన్ చేసి, "ఇంతకీ అన్నయ్యకి ఏం జబ్బని రాశార్రా అందులో?" అని అడిగింది. "కొలిలిథియాసిస్ విత్ అక్యూట్ కొలిసిస్టైటిస్ అట అత్తయ్యా" అని కూడబలుక్కుని చదివాను. "పేరు కాదురా, నేను జబ్బేమిటని అడిగాను" అంది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ రాత్రి నిఘంటువు తెరిచి ఒక్కొక్క మాటనూ విప్పుకుంటూ పోతే, నేను చేస్తున్న పొరపాటు ఎక్కడుందో తెలిసింది. ఇటువంటి మాటలను నేను తల వైపు నుంచి చదవడం మొదలుపెట్టి, మూడో అక్షరానికే అలసిపోయి వదిలేస్తున్నాను. నిజానికి వాటిని తోక వైపు నుంచి చదవాలి. తల శరీరంలో ఏ భాగమో చెబుతుంది, తోక ఆ భాగానికి ఏమైందో, వైద్యులు దానిని ఏం చేశారో చెబుతుంది. తెలుగువాడికి ఇది కొత్త విద్య కాదు. పెద్దరికం, పేదరికం, చుట్టరికం అనే మాటలు వినగానే చివరనున్న 'రికం' ఏం పని చేస్తున్నదో ఎవరూ చెప్పకుండానే మనకు అర్థమవుతుంది. ఆసుపత్రి ఇంగ్లిషులో ఆ తోకలు చాలావరకు గ్రీకు భాష నుంచి వచ్చాయి కాబట్టి, ఇంగ్లిషు బాగా వచ్చినవాడికి కూడా అవి వాటంతట అవి తెలియవు. తేడా అంతే.

నాన్నగారి కాగితంలోని మాటలనే తీసుకుందాం. 'కొలీ' అంటే పిత్తం, 'సిస్ట్' అంటే సంచి, 'లిథ్' అంటే రాయి. 'ఐటిస్' అంటే వాపు, మంట. 'ఎక్టమీ' అంటే కోసి బయటకు తీయడం. ఇప్పుడు కొలిలిథియాసిస్, కొలిసిస్టైటిస్, కొలిసిస్టెక్టమీ అనే మూడు మాటలూ కలిపి ఒక కథ చెబుతాయి: పిత్తపు సంచిలో రాళ్లు చేరాయి, సంచి వాచింది, సంచిని తీసేశారు. మరునాడు ఫోన్‌లో ఇదే చెబితే, "ఈ మాత్రం దానికి అంత పెద్ద పేర్లెందుకురా" అని మేనత్త తేల్చేసింది. మనందరికీ భయం పుట్టించే కొలెస్టరాల్ కూడా ఈ కుటుంబపు మాటే. దానిని మొదట పిత్తాశయపు రాళ్లలోనే గుర్తించారు కాబట్టి, పిత్తం, గట్టిది అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి ఆ పేరు పెట్టారు.

'ఐటిస్' చరిత్ర నాకు అన్నిటికన్నా నచ్చింది. గ్రీకులో దానికి వాపు అనే అర్థమే లేదు, 'ఫలానా దానికి చెందిన' అని మాత్రమే అర్థం. 'ఆర్థ్రైటిస్ నోసోస్' అంటే కీళ్లకు చెందిన రోగం. కాలక్రమంలో రోగం అనే అర్థమున్న 'నోసోస్' రాలిపోయి, విశేషణం ఒక్కటే మిగిలి, రోగపు బరువంతా తానే మోయవలసి వచ్చింది. మనం 'మొబైల్ ఫోన్' అనే మాటలో ఫోన్‌ను వదిలేసి 'మొబైల్' అని ఊరుకోలేదా, ఇదీ అటువంటిదే. ఆధునిక వైద్యంలో ఆ తోకకు వాపు అనే అర్థం స్థిరపడిపోయింది. అయితే వాపు అన్నంత మాత్రాన సూక్ష్మక్రిములు చేరినట్లు కాదని గుర్తుంచుకోవాలి. కొన్ని రకాల ఆర్థ్రైటిస్‌లలో శరీరం తన కీళ్ల మీద తానే దాడి చేసుకుంటుంది, అక్కడ ఏ క్రిమీ ఉండదు.

దీని పక్కనే 'ఓసిస్' అనే మరో తోక ఉంది. ఈ రెండింటినీ మనవాళ్లు రోజూ కలిపేస్తూ ఉంటారు. మెడ నొప్పి వచ్చిన ప్రతివారూ "నాకు స్పాండిలైటిస్" అంటారు. వయసుతో పాటు మెడ ఎముకలూ వాటి మధ్యనున్న మెత్తలూ అరిగిపోయే స్థితిని వైద్యులు స్పాండిలోసిస్ అని రాస్తారు. వెన్నుపూసల్లో వాపు వచ్చే స్పాండిలైటిస్ వేరే జబ్బు, దానికి చికిత్స కూడా వేరు. తల ఒకటే, అది వెన్నుపూస. తోక మారితే జబ్బే మారిపోయింది. 'ఓసిస్' అంటే ఒక స్థితి, ఎక్కువగా మెల్లగా ఏర్పడి నిలిచిపోయే స్థితి. తెలుగు నేల మీద ఈ తోకకు ఉన్న అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ ఫ్లోరోసిస్. తాగే నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి పళ్లలోకీ ఎముకల్లోకీ చేరి మనుషులను వంచేసే ఈ స్థితి గురించి 1937లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో చూసినవారు వైద్య పత్రికకు రాశారు. ఆ తరువాత నల్గొండ పేరు దానితో ముడిపడిపోయింది. అక్కడి పల్లెల్లో 'ఫ్లోరోసిస్' అనే మాటకు ఎవరికీ నిఘంటువు అవసరం ఉండదు.

ఇక కోతల విషయం. 'టమీ' అంటే కోయడం. 'ఎక్టమీ' అంటే కోసి బయటకు తీయడం. 'స్టమీ' అంటే కోసి ఒక ద్వారం ఏర్పరచడం, ఎందుకంటే 'స్టోమా' అంటే గ్రీకులో నోరు. అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ, గర్భసంచి తీసేశారని మనం చెప్పుకునే హిస్టెరెక్టమీ, ఇవన్నీ తీసివేతలే. ట్రాకియాస్టమీ అంటే శ్వాసనాళం తీసేయడం కాదు, గొంతు ముందు భాగంలో గాలి ఆడడానికి ఒక నోరు తెరవడం. ఐసీయూ బయట నిలబడి సంతకం పెట్టవలసిన మనిషికి ఈ రెండు తోకల తేడా చాలా పెద్దది. పరమాణువును ఆటమ్ అనడం కూడా ఈ కోతలోంచి పుట్టిందే. కోయడానికి వీలు లేనిది అని దాని అర్థం, ముందున్న 'ఆ' మన అధర్మంలోని 'అ' లాంటిదే. తరువాత దానిని కూడా కోశారనుకోండి, అది వేరే సంగతి.

'గ్రామ్', 'గ్రాఫ్', 'గ్రఫీ' అనే మూడు తోకలను వివరించడానికి టెలిగ్రామ్ ఒక్కటి చాలు: గ్రాఫ్ పరికరం, గ్రామ్ చేతికి వచ్చిన రాత, గ్రఫీ రాసే పని. యాంజియోగ్రామ్ అంటే రక్తనాళాల బొమ్మ తీయడమే, బాగుచేయడం కాదు. బాగుచేసేది యాంజియోప్లాస్టీ. ఆ 'ప్లాస్టీ'లోనూ ప్లాస్టిక్‌లోనూ ఉన్నది మలచడం అనే ఒకే ధాతువు. గడ్డ అనే అర్థమున్న 'ఓమా' వినపడగానే కాన్సర్ అనుకుని వణకనక్కరలేదు, లైపోమా అంటే హాని చేయని కొవ్వుగడ్డ.

ప్రతి వానాకాలం మన ఊళ్లలో "ప్లేట్‌లెట్లు పడిపోయాయి" అనే మాట వినిపిస్తుంది. డెంగీ వచ్చినవారి కాగితాల మీద దానిని థ్రాంబోసైటోపీనియా అని రాస్తారు. అందులోని 'పీనియా' నన్ను ఆపేసింది. గ్రీకులో పెనియా అంటే పేదరికం. రక్తంలో ప్లేట్‌లెట్లకు పేదరికం వచ్చిందని వైద్యులు రాస్తున్నారన్నమాట. దీనికి సాటి వచ్చే మాట తెలుగులో సిద్ధంగా ఉంది, అది 'లేమి'. డబ్బు లేకపోవడమూ లేమే, మరేది లేకపోయినా లేమే. తెల్లకణాల లేమి ల్యూకోపీనియా, ఎముక సాంద్రతలో లేమి ఆస్టియోపీనియా. ఇంత చక్కగా అతికే మాట మన దగ్గర ఉండగా పాఠ్యపుస్తకాలలో సంస్కృత సమాసాలను ఎందుకు వెతుక్కుంటారో నాకు అర్థం కాదు.

'ఏమియా' అంటే రక్తపు స్థితి. అనీమియా రక్తం లేకపోవడం, రక్తపు కాన్సర్ అయిన ల్యూకేమియా తెల్లని రక్తం. ఈ రెండో పేరు పెట్టినవాడు 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. ఆ జబ్బుకు ఎదురు నిలిచిన తొలి మందులలో ఒకదాని పేరు అమినాప్టెరిన్. దానిని తయారుచేసిన లెడర్లీ అనే అమెరికన్ మందుల కంపెనీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు ఇచ్చినప్పుడు ల్యూకేమియా ఉన్న కొందరు పిల్లలలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని అమెరికన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అమినాప్టెరిన్ చివరనున్న 'ప్టెరిన్'లో ఉన్నది రెక్క. ఈ రసాయనాల కుటుంబాన్ని మొదట సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో గుర్తించారు కాబట్టి, రెక్క అనే అర్థమున్న గ్రీకు మాటతో ఆ పేరు వచ్చింది. హెలికాప్టర్ తోకలో ఉన్నది కూడా ఆ రెక్కే. లెడర్లీ నుంచే అదే సంవత్సరం ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. దాని 'మైసిన్' స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవుల నుంచి వచ్చింది. ఇంగ్లిషులో జెంటామైసిన్‌కు మాత్రం ఇదే తోకలో ఒక అక్షరం మార్చి రాస్తారు, అది మైక్రోమోనోస్పోరా అనే వేరే సూక్ష్మజీవుల నుంచి వచ్చింది కాబట్టి. తెలుగు లిపిలో రాసేసరికి రెండూ ఒకటే అయిపోయి ఆ సూచన కనబడకుండా పోతుంది.

మందుల పేర్లలోని తోకలు జబ్బుల పేర్ల వంటివి కావు. ఇవి జనం నోట పుట్టి పెరిగినవి కావు, ఒక పద్ధతి ప్రకారం అతికించినవి. మందుల అసలు పేర్లు అన్ని దేశాలలోనూ ఒకటిగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన పద్ధతిలో తొలి జాబితా 1953లో వచ్చింది. కంపెనీ పెట్టిన పెద్ద అక్షరాల పేరు కింద, స్ట్రిప్ మీద చిన్న అక్షరాలతో ఉండేది ఈ అసలు పేరే. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి 'సార్టాన్'లు, ఆమ్లోడిపిన్ వంటి 'డిపిన్'లు రక్తపోటుకు వాడేవి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి 'ఒలాల్'లు గుండె వేగాన్ని తగ్గించేవి. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్టరాల్‌కు. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించేవి, మనం 'గ్యాస్ బిళ్ల' అనేవి.

అయితే తోకలన్నీ నమ్మదగినవి కావు. నిస్టాటిన్ చివర కూడా 'స్టాటిన్' ఉంది, కానీ దానికీ కొలెస్టరాల్‌కూ ఏ సంబంధమూ లేదు. అది ఫంగస్‌ను చంపే మందు. దానిని కనిపెట్టిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యూయార్క్ స్టేట్ ప్రభుత్వ ఆరోగ్య శాఖలో పనిచేసేవారు కాబట్టి, ఆ స్టేట్ పేరే మందులోకి చేరింది. అరిపిప్రజోల్ చివరన 'ప్రజోల్' వినిపిస్తుంది కానీ అది మానసిక వ్యాధులకు వాడే మందు. అందుచేత తోక చూసి డాక్టరును ప్రశ్న అడగవచ్చు గాని, తోక చూసి మనంతట మనం మందు మొదలుపెట్టడమో మానేయడమో చేయకూడదు.

మా ఇంట్లో ఆ ప్రశ్న అడగవలసిన అవసరం నాలుగో రోజునే వచ్చింది. నాన్నగారు చాలాకాలంగా పరగడుపున ఒక గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నారు. ఆసుపత్రివారు కొత్తగా మరొకటి రాశారు. రెండింటి రంగులు వేరు, కంపెనీలు వేరు, పెద్ద అక్షరాల పేర్లలో పోలికే లేదు. ఆయన రెండూ శ్రద్ధగా వేసుకుంటున్నారు. కళ్లజోడు సవరించుకుని చిన్న అక్షరాలు చదివితే ఒకటి రాబెప్రజోల్, రెండోది పాంటోప్రజోల్. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. పాత మందు సంగతి తమకు ఎవరూ చెప్పలేదనీ, ఒకటి చాలుననీ, పాతది ఆపేయమనీ ఆయన అన్నారు. ఆసుపత్రిలో చేరేటప్పుడు "వాడుతున్న మందులు" అనే గడిలో బీపీ బిళ్ల పేరొక్కటే రాసి వచ్చింది నేనే. గ్యాస్ బిళ్ల కూడా మందే అని ఆ రోజు నాకు తోచలేదు. నాన్నగారు మిగిలిన పాత స్ట్రిప్‌ను కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇంకా ఆరున్నాయి కదరా" అని బీరువాలో పెట్టబోతే, తీసుకుని నా దగ్గర ఉంచుకున్నాను.