లాసిక్ అనుకుని వెళ్తే పీఆర్‌కే అన్నారు

కళ్లద్దాలు వదిలించుకోవాలని ఎప్పట్నుంచో ఉంది, అందుకే లేజర్‌తో చూపు సరిచేసే లాసిక్ ఆపరేషన్ కోసం వెళ్లాను. కానీ స్కాన్ తీస్తే, మామూలుగా 540 మైక్రాన్ల (అర మిల్లీమీటరు పైచిలుకు) మందం దగ్గర ఉండే కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, నాకు బాగా పల్చగా ఉందని తేలింది, దాంతో కార్నియా మీద మూతలా తెరుచుకునే పొర (ఫ్లాప్) కోసే లాసిక్ వద్దు, సన్నటి పైపొర తీసేసి లేజర్ కొట్టే పీఆర్‌కే చేద్దాం అన్నారు డాక్టరుగారు. లేజర్ పని సెకన్లలో అయిపోయింది, కాలిన వాసన వచ్చినప్పుడు మాత్రం కాస్త టెన్షన్ పడ్డాను.

అసలు కష్టమంతా ఆ తర్వాతే. కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, ధారగా నీళ్లు, ఫోన్ వెలుతురు కూడా భరించలేను, పైగా నలపకూడదు! పైపొర మళ్లీ పెరిగేదాకా కంటికి కట్టులా కాపాడే బ్యాండేజ్ లెన్స్ ఉంచారు. చూపు మెల్లగా తేటపడింది, రాత్రిపూట హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు ఇంకా కనిపిస్తున్నాయి, చుక్కల మందు ఇంకా జేబులో ఉండాల్సిందే. నలభై దాటాక చదవడానికి అద్దాలు ఎలాగూ రావచ్చట. అప్పటి సంగతి అప్పుడు.