పంప్ బి ఓకే

సెలవుకి వచ్చి గాజువాకలో మా అక్క ఇంట్లో దిగాను. మేనల్లుడు పరవాడ ఫార్మా సిటీలో మెయింటెనెన్స్‌లో చేరి ఆరు నెలలైంది. "మావయ్యా, నాకు కమ్యూనికేషన్ లేదంటున్నారు. స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరిపోనా?" అన్నాడు.

"ముందు ఇది చెప్పు. నిన్న షిఫ్టు దిగేటప్పుడు లాగ్‌బుక్‌లో ఏటి రాశావు?"

"పంప్ బి వర్క్ ఓకే."

కువైట్ వెళ్లిన కొత్తలో నేనూ అచ్చం ఇదే రాశాను. సీల్ మార్చాం. అలైన్‌మెంట్ చూడలేదు, మోటారుని పంప్‌కి కలిపే కప్లింగ్ కలపలేదు. అదంతా నా బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. క్యాంపులో అన్నం కలుపుకుంటుంటే నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. అబర్డీన్ నుంచి వచ్చిన పెద్దాయన. "ఓకే అంటే ఏది ఓకే? పంప్ స్టార్ట్ చేయొచ్చా, వద్దా?" అరవలేదు. నాకే ముద్ద దిగలేదు.

మర్నాడు కూర్చోబెట్టి పైపర్ ఆల్ఫా గురించి చెప్పాడు. 1988 జూలై 6, ఉత్తర సముద్రంలో చమురు ప్లాట్‌ఫాం. ఒక పంప్ సేఫ్టీ వాల్వ్‌ని రిపేరుకి విప్పి, ఆ చోట బ్లైండ్, అంటే మూత పలక, పెట్టి వదిలారు. ఆ కబురు రాత్రి షిఫ్టుకి అందలేదు. పంప్ పర్మిట్, అంటే పని అనుమతి కాగితం, చూశారు కానీ వాల్వ్‌ది వేరే కాగితం, అది వాళ్ల కంట పడలేదు. రెండో పంప్ ఆగిపోతే, వాల్వ్ విప్పిన ఈ పంప్‌ని స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు.

వాళ్లకి ఇంగ్లిష్ సొంత భాషే. అయినా అలా జరిగింది.

మనకి ఇంకో అలవాటుంది, "అయిపోతుంది సార్" అనడం. పెద్దవాళ్ల ముఖాన "కాలేదు" అనకూడదని పెరిగాం. కువైట్‌లో ఆ మాట నమ్మి క్రేన్ బుక్ చేసేస్తారు. "కాలేదు, రేపు పదింటికి అవుతుంది" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అలా అనడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ రాత్రే వాడిచేత మళ్లీ రాయించాను, ముందు తెలుగులోనే. "పంప్ బి సీల్ మార్చాం. కప్లింగ్ కలపలేదు. స్టార్ట్ చేయకూడదు. కరెంటు బ్రేకర్‌కి తాళం..." అక్కడ పెన్ను ఆగింది.

"మావయ్యా, తాళం సంగతి ఎవరికీ చెప్పలేదు" అంటూ లేచి, ఫోన్ తీసి నైట్ షిఫ్టుకి కలిపాడు.