అద్దెకా, సొంతానికా? మా ప్లాన్ల ఆఫీసుకు ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్న తీరు

మా ఆఫీసు అనంతపురం సుభాష్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఇళ్ల ప్లాన్లు, ఎలివేషన్లు, ఎస్టిమేషన్లు మా పని. నేనూ, జేఎన్‌టీయూలో నాతో చదివిన ఫ్రెండూ పార్ట్‌నర్లం. ఆటోక్యాడ్ మీద నలుగురు పిల్లలు కూర్చుంటారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది. మా పాత మెషీన్లన్నీ ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లవి. విండోస్ 11కేమో ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. ఇంకో ఏడాది లాగుదాంలే అనుకుంటుండగా ఒకదాని బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. దాంతో నాలుగూ ఒకేసారి మార్చక తప్పలేదు.

షాపులో అడిగితే మాకు సరిపోయే మెషీన్ 55,000, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 64,900 అన్నారు. అలాంటిదే బెంగళూరు లీజింగ్ కంపెనీ ఒకటి నెలకు 2,100కు ఇస్తానంది, జీఎస్టీ అదనం, మూడేళ్ల అగ్రిమెంటు. ఆ కంపెనీ కుర్రాడు ఫోన్లో భలే మాట్లాడాడు. "సార్, మీ డబ్బు ఇరుక్కోదు. పైగా అద్దె మొత్తం ఖర్చు కింద చూపించుకుంటే ట్యాక్స్ మిగులుతుంది." ఈ ట్యాక్స్ మాట మాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు బిజినెస్ వాళ్లు కూడా అన్నారు. మా పార్ట్‌నర్ అప్పటికే సగం లీజు వైపు మొగ్గాడు.

ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లి ఇదంతా ఏకరువు పెట్టాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "చూడప్పా, నువ్వు రిటర్ను దేని కింద వేస్తాండావు?" అన్నారు.

"ఇన్‌కమ్ ట్యాక్స్ 44ఏడీఏ సెక్షన్ కింద సార్."

"అంటే వసూళ్లలో సగం లాభమని నువ్వే రాసిస్తాండావు. మిగిలిన సగంలో అద్దె కట్టినావా, ల్యాప్‌టాప్ కొన్నావా, బిర్యానీ తిన్నావా అని ఎవరడుగుతారు?"

అంతే, ట్యాక్స్ వాదన అక్కడికక్కడే తేలిపోయింది. ఇంజినీరింగ్, డాక్టరు, లాయరు లాంటి వృత్తుల వాళ్లు ఏడాది వసూళ్లు 50 లక్షల లోపుంటే ఈ పద్ధతిలో రిటర్ను వేయొచ్చు. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా వేయొచ్చు. ఖర్చులన్నీ ఆ సగంలోనే పోయినట్టు లెక్క కాబట్టి అద్దె చూపించినా, కొన్న మెషీన్ విలువ ఏటా తగ్గిందని తరుగుదల చూపించినా పన్ను పైసా తగ్గదు. పూర్తి లెక్కల పుస్తకాలు రాసేవాళ్ల సంగతి వేరు. కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల ఇస్తారు, కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. 55,000 మెషీన్ మీద మూడేళ్లలో 43,120 దాకా ఖర్చు రాసుకోవచ్చు. అద్దె అయితే 75,600 మొత్తం రాసుకోవచ్చు. నిజమే, కానీ ఎక్కువ రాసుకునేది ఎక్కువ కట్టినందుకే కదా! అమ్మేవాళ్లు ఆ ముక్క మింగేస్తారు.

జీఎస్టీలో పెద్ద తేడా లేదు. మాకు రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి కొన్నా, అద్దెకు తెచ్చినా క్రెడిట్ వస్తుంది, అంటే అక్కడ కట్టిన జీఎస్టీని మేం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కొంటే 9,900 ఒకేసారి, అద్దెకైతే నెలకు 378 చొప్పున. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసే కంపోజిషన్ స్కీములో ఉన్న షాపుల వాళ్లకు మాత్రం ఎటూ రాదు. బిల్లు మీద మన జీఎస్టీ నంబరు ఉండాలి, ఆ షాపు వాడు తన రిటర్ను వేసి అది జీఎస్టీ పోర్టల్‌లో మన క్రెడిట్లు చూపించే 2బీ పట్టికలో కనిపించాలి.

ఇక అసలు లెక్క. జీఎస్టీ పక్కన పెడితే ఒక్కో మెషీన్‌కు మూడేళ్ల అద్దె 75,600, కొంటే 55,000. తేడా 20,600 కనిపిస్తుంది కానీ అదంతా మిగులు కాదు. చేతిలో డబ్బు లేక 12 శాతానికి అప్పు తెస్తే మూడేళ్లలో వడ్డీ పదివేల ఏడొందల పైచిలుకు. అద్దెలో మూడేళ్ల సర్వీసు కలిసే ఉంది. కొన్నదానికి వారంటీ ఏడాదే, ఇంకో రెండేళ్లు పొడిగించడానికి షాపు వాళ్లు 5,500 చెప్పారు. ఇవన్నీ కలిపితే తేడా నాలుగు వేల చిల్లరకు దిగింది. తర్వాత పాతదాన్ని 12,000కు అమ్ముకోవచ్చు కదా అంటే, దానికీ ఆడిటర్ గారు ఒక మెలిక చూపించారు. క్రెడిట్ తీసుకున్న మెషీన్‌ను అమ్మితే ఆ క్రెడిట్‌లోంచి మూడు నెలలకు 5 శాతం చొప్పున తీసేసి, మిగిలింది గానీ, అమ్మిన ధర మీద జీఎస్టీ గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మూడేళ్లకు 9,900లో 40 శాతం, అంటే 3,960 కట్టాలన్నమాట. చేతికి మిగిలేది ఎనిమిది వేలు.

మొత్తానికి అప్పు చేసి కొన్నా సొంతమే చవక, కాకపోతే బోర్డు కట్టి చాటుకునేంత చవకేమీ కాదు. అందుకే అగ్రిమెంటు తెప్పించుకుని చదివాను. మా పార్ట్‌నర్ మొదటి పేజీ, చివరి పేజీ చూసి చాలన్నాడు. నాకు మధ్యలోనే పని దొరికింది. లాకిన్ మూడేళ్లు. మధ్యలో ఒక మెషీన్ వద్దనుకున్నా మిగిలిన నెలల అద్దె కట్టాల్సిందే. మా దగ్గర పిల్లలు ఏడాది పని నేర్చుకుని బెంగళూరు బస్సెక్కేస్తారు, కుర్చీలు ఎప్పుడు ఖాళీ అవుతాయో చెప్పలేం. గడువు అయ్యాక మనం రాతపూర్వకంగా చెప్పకపోతే నెలనెలా దానంతటదే పొడిగింపు. వెనుక జతచేసిన కాగితంలో కీ ఊడితే ఇంత, మూత మీద గీత పడితే ఇంత అని పెద్ద పట్టికే ఉంది. అద్దె ఐదో తారీఖుకల్లా బ్యాంకులోంచి లాగేస్తారు. బిల్డర్లు మాకు స్లాబు పడ్డాక ఇస్తామంటారు, స్లాబు ఐదో తారీఖు చూసుకుని పడదు.

నా మనసు తిప్పింది మాత్రం ఇంకో షరతు. మెషీన్‌ను కంపెనీ మనుషులు తప్ప ఎవరూ విప్పకూడదు, విప్పితే డ్యామేజీ కిందే లెక్క. బెంగళూరులో అయితే మనిషి వస్తాడట. అనంతపురానికి రాడు, కొరియర్‌లో పంపాలి. మా ల్యాప్‌టాప్‌లు సైటుకు వెళ్లొస్తాయి. పాతదొకటి షాపులో విప్పించినప్పుడు చూశాను. ఫ్యాను రెక్కల మీద సిమెంటు దుమ్ము అట్టు కట్టి ఉంది, గాలి వెళ్లే సందులు పూర్తిగా పూడిపోయాయి. షాపు కుర్రాడు బ్రష్‌తో దులిపి, చిప్ వేడిని లాగే కొత్త పేస్టు రాసి, మూడొందలు తీసుకున్నాడు. గంటలో పని అయిపోయింది. అదే పనికి ఎండాకాలంలో మెషీన్‌ను బెంగళూరు పంపి వారం ఎదురుచూడాలంటే, ప్లాన్ కోసం వచ్చినవాళ్లకు నేనేం చెప్పను? వారంటీలో ఉన్నదాన్ని విప్పేముందు కూడా అడిగే విప్పాలి, నిజమే. కానీ సర్వీసు సెంటరు ఊళ్లోనే ఉంది.

నాలుగూ కొన్నాం. సగం చేతి డబ్బు, సగం ఉన్న ఓవర్‌డ్రాఫ్ట్‌లోంచి.

లీజును పూర్తిగా కాదనలేదు. అదే సమయంలో ఒక అపార్ట్‌మెంటుకు త్రీడీ వాక్‌త్రూ (కట్టబోయే ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియో) పని వచ్చింది. దానికి గ్రాఫిక్స్ కార్డున్న మెషీన్లు రెండు కావాలి, ఒక్కోటి 1,10,000 అన్నారు. ఈ పని అయ్యాక వాటితో మాకు పెద్దగా అవసరం ఉండదు. వేరే వాళ్ల దగ్గర నెలకు 6,500 చొప్పున నాలుగు నెలలకు తెచ్చాం, ఆ అద్దెను బిల్డరుకిచ్చిన కొటేషన్‌లోనే కలిపాం. తీసుకునేటప్పుడు మూలలు, హింజ్‌లు, ఛార్జరు మీది నంబరు అన్నీ ఫొటో తీసి, అక్కడే వాళ్లకు వాట్సాప్ చేశాను. మెషీన్లు అప్పగించిన పిల్లాడు "ఏమన్నా, పెండ్లి ఫొటోలు తీసినట్టు తీస్తాండావు" అన్నాడు. అననీ.

ఇప్పుడు బిల్డరు రెండో బ్లాకు కూడా మాకే ఇస్తానంటున్నాడు. ఇస్తే అద్దె పొడిగిస్తాం. పని ఏడాదిన్నర దాకా సాగేలా ఉంటే మాత్రం ఆ అద్దెతో మెషీనే వస్తుంది కాబట్టి, మళ్లీ ఆడిటర్ గారి ముందు కూర్చోవాలి.